మన పిల్లల అల్లరికి అంతర్జాతీయ గుర్తింపు ఎప్పుడు?

మన జాతికి జరిగిన ఒక అన్యాయం గురించి ఎవరూ నోరు మెదపడం లేదు కాబట్టి నేనే మెదపాల్సి వస్తోంది. 2007లో లెస్లీ రెస్కోర్లా, థామస్ అకెన్‌బాక్ అనే మనస్తత్వ పరిశోధకులు, వారి సహచరులు కలిసి 31 సమాజాల పిల్లల ప్రవర్తనను ఒకే కొలబద్దతో కొలిచి ఫలితాలు ప్రకటించారు. మొత్తం 55,508 మంది పిల్లలు. ఐస్‌లాండ్ ఉంది, లిథువేనియా ఉంది, ఇథియోపియా ఉంది, బంగాళాఖాతం దాటితే వచ్చే థాయ్‌లాండ్ కూడా ఉంది. ఇండియా లేదు. తల్లిదండ్రులు చెప్పిన సమస్యల లెక్కలో ప్యూర్టోరికో అందరికంటే పైన నిలిచింది, జపాన్ అట్టడుగున. మన ఫంక్షన్ హాళ్లలో రెండో బంతి భోజనాల వేళ, సాంబారు బకెట్ల మధ్య పిల్లలు పెట్టే పరుగు పందేలు ఆ పరిశోధకులు ఒక్కసారి చూసి ఉంటే ప్యూర్టోరికోకు ఆ గౌరవం దక్కేది కాదు.

వాళ్ల కొలబద్ద అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో తయారైంది. పేరు చైల్డ్ బిహేవియర్ చెక్‌లిస్ట్. వందకు అటూ ఇటూ వాక్యాలుంటాయి. ఎదురు వాదిస్తాడు, మొండికేస్తాడు, గోళ్లు కొరుకుతాడు, మరీ ఎక్కువ మాట్లాడతాడు, ఇలా. ఒక్కోదాని పక్కన 0, 1, 2 అని అంకెలు. అస్సలు లేకపోతే 0, కొంచెమో అప్పుడప్పుడో అయితే 1, బాగా ఉంటే 2. అమ్మో నాన్నో అంకె చుట్టూ గీత గీస్తే చాలు, కూడిక వాళ్లే చేసుకుంటారు. సైన్సులో ఇంత సులువైన దారి ఉందని తెలియక మన మాస్టార్లు గోడకుర్చీ వేయించారు, గుంజీలు తీయించారు, తొడపాశం పెట్టారు.

అయితే ఈ ఫారం మన ఇళ్లలో ఎలా నడుస్తుందో ముందే చూసుకోవడం మంచిది. సాయంత్రం ఆరు గంటలు. డైనింగ్ టేబుల్‌కి ఒక పక్క చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నాయనమ్మ, ఇంకో పక్క పెన్ను పట్టుకుని కోడలు. చిన్నపిల్లల ఫారం, బడిపిల్లలకు వేరేది ఉంటుంది.

"అత్తయ్యా, 'ఒంటరిగా పడుకోవడానికి ఇష్టపడడు' అట. ఎంత వెయ్యను?"

"మూడేళ్ల వాణ్ని ఒంటరిగా ఎవరు పడుకోబెడతారే? మనకేం పోయేకాలం?"

"పడుకోబెట్టమని కాదు అత్తయ్యా, పడుకుంటాడా అని అడుగుతున్నారు."

"వాళ్ల నాన్న టెన్త్ దాకా నా పక్కనే పడుకున్నాడు. ఇంజినీరు కాలేదూ?"

కోడలికి ఈ సమాచారం కొత్త. ఇంకో ఫారం తీసి, పైన భర్త పేరు రాసి పక్కన పెట్టుకుంది.

తర్వాతి వాక్యం 'సరిగ్గా తినడు'. ఆ ఇంట్లో అత్తాకోడళ్లు ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి అంశం అదే. రెండు. "రెండేంటి, నాలుగు వెయ్యి," అంది నాయనమ్మ. ఈ చర్చ జరుగుతుండగా పిల్లవాడు టేబుల్ కింద మూడో జంతిక నములుతున్నాడు. తెలుగు తల్లులందరూ ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబిస్తే, వెర్మాంట్ కంప్యూటర్ మన రెండు రాష్ట్రాల్లోనూ కరువొచ్చిందని తేల్చేస్తుంది.

'ఎదుటివారి కళ్లలోకి చూడడు' అన్న వాక్యం కూడా అందులో ఉంది. ఇది పూర్తిగా తాతయ్య చేతిలో ఉన్న విషయం. ఆయన చీవాట్లు పెడుతున్నప్పుడు చూస్తే "ఏంట్రా ఆ గుడ్లురమడం?" చూడకపోతే "నేను చెప్తుంటే ఎటు చూస్తున్నావ్?" పిల్లవాడు ఏం చేసినా 2 ఖాయం. ఇలాంటి విశ్వసనీయత ఏ ల్యాబులోనూ దొరకదు.

ఒక్కరు నింపితే చాలదు, ఇంకొకరినీ అడగాలి అంటారు నిపుణులు. దాంట్లో ఉన్న చిక్కు మనకు ద్వాపరయుగం నాటి నుంచీ తెలుసు. వయసు కాస్త అటూ ఇటూ అయినా సరే, రేపల్లెలోని ఆ పిల్లవాడి పేరు మీద బడిపిల్లల ఫారం ఒకటి నింపి చూడండి. ఇంట్లో దొంగతనం ఒక అంశం, బయట దొంగతనం ఇంకో అంశం. రెండింటికీ 2. ఇతరుల వస్తువులు పగలగొట్టడం: ఉట్టి మీది కుండలన్నీ, 2. తినకూడనివి తినడం: మన్ను, 2. అబద్ధాలు: మూతికి వెన్న ఉండగానే, 2. అల్లరి పిల్లలతో సావాసం: గోకులంలోని కుర్రకారంతా, 2. ఇదంతా గోపికలు నింపిన ఫారం. యశోద నింపిన దాంట్లో వరుసగా సున్నాలు, కింద ఒక వ్యాఖ్య: "మా వాడు గడప దాటి ఎరగడు, మీ దృష్టే తగిలింది." వాణ్ని రోటికి కట్టేసిన రోజున ఆవిడ చేతికే మళ్లీ ఇస్తే ఇంకోలా ఉండేది, అది వేరే మాట. గడిచిన ఆరు నెలల ప్రవర్తన చూసి రాయమని ఫారంలో స్పష్టంగా ఉంటుంది. గడిచిన ఆరు గంటలు తప్ప ఏ తల్లికి గుర్తుంటాయి?

అకెన్‌బాక్‌కు ఈ సంగతి తెలియదనుకోవడం పొరపాటు. 1987లోనే ఆయన బృందం 119 అధ్యయనాలు తిరగేసింది. ఒకే తరహా మనుషులు, అంటే అమ్మా నాన్నా, లేదా ఇద్దరు టీచర్లు చెప్పేవాటి మధ్య పొంతన సుమారు 0.60. ఇల్లూ బడీ లాంటి వేర్వేరు చోట్ల వాళ్ల మధ్య 0.28. పిల్లలు తమ గురించి చెప్పుకున్నదానికీ పెద్దలు వాళ్ల గురించి చెప్పినదానికీ మధ్య 0.22. ఒకటి వస్తే పూర్తిగా కలిసినట్టు, సున్నా వస్తే అస్సలు కలవనట్టు. పేరెంట్స్ మీటింగ్ నుంచి బయటికొస్తూ "ఆవిడ చెప్పేది మన వాడి గురించేనా?" అని మొహామొహాలు చూసుకునే దంపతులకు ఇప్పుడు ఒక అంకె దొరికింది. ఇక ధైర్యంగా పోట్లాడుకోవచ్చు.

థాయ్‌లాండ్‌లో జాన్ వైజ్ అనే అమెరికన్ పరిశోధకుడి బృందానికి ఇంకా గట్టి దెబ్బ తగిలింది. 1988లో వాళ్లు పిల్లల సమస్యల వర్ణనలు కొన్ని రాసి థాయ్ పెద్దలకూ అమెరికన్ పెద్దలకూ చూపించారు. అమెరికన్లు కంగారుపడ్డారు. థాయ్ పెద్దలు అంతగా పడలేదు, పెరిగితే వాడే మారతాడన్నట్టు మాట్లాడారు. మన అరుగుల మీద కూర్చునే తాతయ్యలు అక్కడ కూడా ఉన్నారన్నమాట. ఆ తర్వాత 1995లో బడుల సంగతి వచ్చింది. టీచర్లను అడిగితే, అమెరికన్ పిల్లలకంటే థాయ్ పిల్లలకే సమస్యలు ఎక్కువని తేలింది. సరే, స్వయంగా చూద్దామని శిక్షణ పొందిన మనుషులను క్లాసుల్లో కూర్చోబెట్టారు. వాళ్ల లెక్కలో అమెరికన్ పిల్లల గొడవ థాయ్ పిల్లలదానికి దాదాపు రెండింతలు! పిల్లలు బుద్ధిగా కూర్చునే కొద్దీ, కదిలిన ఒక్క చెయ్యి కూడా థాయ్ టీచరు కంటపడుతోంది. అవతల అమెరికన్ టీచరు చెవులు ఎప్పుడో అలవాటుపడిపోయాయి.

మన దగ్గర ఈ సమస్యను కొన్ని రెసిడెన్షియల్ కాలేజీలు చక్కగా పరిష్కరించాయి. తెల్లవారుజామున స్టడీ అవర్, తర్వాత క్లాసులు, సాయంత్రం మళ్లీ స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. ప్రవర్తన అనేది జరగడానికి టైమ్‌టేబుల్‌లో ఎక్కడా ఖాళీ లేదు. నవ్వడు, అలగడు, వాదించడు, కిటికీలోంచి బయటికి చూడడు. అన్నీ సున్నాలే. ర్యాంకు కూడా వచ్చిందంటే ఇంట్లో పాయసం.

ఇక ఈ శాస్త్రం సాధించిన అసలు అద్భుతం. అన్ని దేశాల సగటూ ఒకటి కాదని తేలాక, సమాజాలను తక్కువ, మధ్యస్థ, ఎక్కువ స్కోర్ల గుంపులుగా విడదీసి వేర్వేరు ప్రమాణాలు పెట్టారు. అది న్యాయమే, కాదనను. కాకపోతే ఒకే స్కోరు ఒక గుంపులో డాక్టరు దగ్గరికి పంపేదిగానూ, ఇంకో గుంపులో మామూలుగానూ లెక్కకు రావచ్చు. అంటే జపాన్‌లో అనుమానాస్పదంగా తేలిన కుర్రాడు విమానం ఎక్కి ప్యూర్టోరికోలో దిగేసరికి బాగైపోతాడు. మందు లేదు, మాకు లేదు, కౌన్సెలింగ్ లేదు. టికెట్ ఖర్చే.

మన వాళ్లు ఈ ప్రయాణం ఎదురుదిశలో చేస్తుంటారు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఒక టీచరమ్మ తెలుగు తండ్రిని కూర్చోబెట్టి, మీ అమ్మాయి క్లాసులో చెయ్యెత్తదు, తనంతట తాను మాట్లాడదు, మాకు కొంచెం ఆందోళనగా ఉంది అంటుంది. నోట్లో నాలుక లేని పిల్ల అని గుంటూరులో పది మందీ మెచ్చుకున్న బిడ్డ! ఆయన థాంక్యూ చెప్పి బయటికొస్తాడు. కార్లో భార్యతో "టీచర్ చాలా మెచ్చుకుంది" అంటాడు.

అయితే మెప్పులు కూడా ఒకచోట నిలవవు. షాంఘైలో చెన్ షిన్‌యిన్ అనే పరిశోధకుడి బృందం 1990, 1998, 2002 సంవత్సరాల్లో బడిపిల్లలను గమనించింది. 1990లో బిడియస్తుడు అందరికీ ఇష్టుడు, టీచర్లకు ముద్దు. 2002 వచ్చేసరికి తోటివాళ్లు అతన్ని దూరం పెడుతున్నారు, అతనిలో దిగులు కనిపిస్తోంది. మధ్యలో మారింది పిల్లలు కాదు, చైనా మార్కెట్ వ్యవస్థ. హైదరాబాద్‌లో అయితే ఇంత పరిశోధన అక్కర్లేదు. నిన్నటి దాకా "మా వాడు ఎంత నెమ్మదో" అన్న నోటితోనే ఇవాళ "వీడికి కమ్యూనికేషన్ స్కిల్స్ లేవండీ" అంటూ పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుకు ఫీజు కడుతున్నారు. పిల్లవాడు రెండుసార్లూ అదే మూల, అదే కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

ఫారంలో వచ్చిన అంకెలను డాక్టర్లు తేల్చిన జబ్బుల లెక్కతో పోల్చి చూద్దామని ఏడు దేశాల్లో ఆ పని కూడా చేశారు. అయితే అక్కడ వాడిన ఫారం వెర్మాంట్‌ది కాదు, బ్రిటన్‌లో పుట్టిన 25 వాక్యాల ఇంకో ప్రశ్నావళి. 2012లో ఫలితం వచ్చింది. ఫారంలో ఎక్కువ స్కోరు వచ్చిన దేశంలో నిజమైన జబ్బులు కూడా ఎక్కువ ఉండాలని లేదట. ఈసారి ఇండియా ఉంది. అంటే కొలబద్దను నమ్మడానికి లేదని తేల్చేటప్పుడు మాత్రం మనల్ని పిలిచారు.

అందువల్ల ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలకు నాదొక విన్నపం. నీళ్ల పంచాయితీలు పక్కనపెట్టి ఉమ్మడిగా ఒక తెలుగు ఫారం తయారు చేయించండి. మొదటి పేజీ నింపేవారి గురించి ఉండాలి: రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, కాఫీ తాగారా, ఫోను పిల్లవాడి చేతిలో ఉందా మీ చేతిలో ఉందా, పనిమనిషి వచ్చిందా. ప్రోగ్రెస్ కార్డు వచ్చిన రోజున, చుట్టాలు వెళ్లిన గంటలోపు నింపిన ఫారాలు చెల్లవు. నాయనమ్మ వేసిన అంకెలను రెండుతో గుణించాలా భాగించాలా అనేది మనవడా మనవరాలా అన్నదాన్ని బట్టి ఉంటుంది. పక్కింటి పిల్లాడి స్కోరు అడగరాదు. ఎలాగూ అడుగుతారు కాబట్టి, దానికి నాలుగో పేజీలో వేరే గడి ఇవ్వాలి.