సర్‌నేమ్ గడి ఖాళీగా వదలకండి మహాప్రభో!

పాస్‌పోర్ట్ దరఖాస్తులో గివెన్ నేమ్, సర్‌నేమ్ అని రెండు గడులుంటాయి. మనవాళ్లు ఏం చేస్తారు? టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరుతో కలిపి ఒకే వరసలో ఉన్న పేరునంతా తీసుకెళ్లి గివెన్ నేమ్‌లో కుక్కేస్తారు, సర్‌నేమ్ ఖాళీ. నెట్ సెంటర్ అబ్బాయిని అడిగితే "ఏం కాదు సార్, అందరూ ఇలాగే పెడతారు" అంటాడు. వీసా వాడికి కాదుగా!

అసలు తంటా అమెరికా వీసా దరఖాస్తు డీఎస్-160 దగ్గర. ఆ ఫారంలో సర్‌నేమ్ ఖాళీగా ఉంచడం కుదరదు. పేరు మొత్తం అందులోకి పోతుంది, గివెన్ నేమ్‌లో ‘ఎఫ్ఎన్‌యూ’ వచ్చి కూర్చుంటుంది, అంటే మొదటి పేరు తెలియదని. వీసాతో మొదలై ఐ-94 (అమెరికాలో అడుగుపెట్టినప్పటి రికార్డు), సోషల్ సెక్యూరిటీ నంబర్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ దాకా అదే వెంటపడుతుంది. బ్యాంకులో ఒకలా, లైసెన్స్‌లో ఒకలా ఉంటే ప్రతి కౌంటర్‌లో వివరణ ఇచ్చుకోవాల్సిందే. దుబాయ్ వాళ్లయితే 2022 నవంబర్ నుంచి ఒంటిమాట పేరుండి సర్‌నేమ్ లేని పాస్‌పోర్ట్‌కి విజిట్ వీసా దగ్గరే అడ్డుపడుతున్నారు.

తర్వాత మార్చుకోవచ్చులే అంటారు. మార్చుకోవచ్చు, పాస్‌పోర్ట్ రీఇష్యూకి పెట్టి. కానీ పాత వీసా మీద పాత పేరే ఉంటుంది. సోషల్ సెక్యూరిటీ వాళ్లు చూసేది ఇమిగ్రేషన్ కాగితాల్లోని పేరుని. అందుకే పేరు విడదీసే పనేదో డీఎస్-160 నింపకముందే కానివ్వండి. చదువుకెళ్లేవాళ్లయితే యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం కూడా కొత్త పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే వేయించుకోండి.