సవరణ: ఆర్‌జీడీ పెప్టైడ్‌ని పూస్తే సరిపోదు

శరీరంలో అమర్చే పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) ఇంప్లాంట్ల గురించి ఇంతకుముందు రాసిన పోస్టులో "ఆర్‌జీడీ పెప్టైడ్ పూస్తే కణాలు బాగా అతుక్కుంటాయి" అని ఉంది. దాన్ని "రసాయన బంధంతో ఉపరితలానికి కలిపితే" అని చదవండి. ఇది చిన్న తేడా కాదు. ఆర్‌జీడీ అంటే ఆర్జినైన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడు అమైనో ఆమ్లాలు మాత్రమే ఉన్న పొట్టి గొలుసు. ఇది ఊరికే ముంచి తీస్తే కడిగినప్పుడే చాలావరకు పోతుంది. పైగా కణం తన ఉపరితలం మీది ఇంటెగ్రిన్లతో (పట్టుకునే ప్రొటీన్లతో) దాన్ని పట్టుకుని లాగుతుంది. వదులుగా ఉన్నది ఊడి వస్తుంది. అందుకే పీఈటీ (ఒక రకం ప్లాస్టిక్) లాంటి వాటి మీద ముందు బంధం ఏర్పడేందుకు వీలిచ్చే అమైన్ లేదా కార్బాక్సిల్ అనే రసాయన గ్రూపులు తెచ్చి, తర్వాత పెప్టైడ్ కలుపుతారు.

అదే పోస్టులోని "ఎంత ఎక్కువ వేస్తే అంత పట్టు" అన్న వాక్యం తీసేశాను. మొత్తం ఎంత అన్నదే కాదు, ఎంతెంత దూరంలో అన్నదీ ముఖ్యం. 2004లో జర్మనీలోని స్పాట్జ్ అనే శాస్త్రవేత్త బృందం చేసిన ప్రయోగంలో పెప్టైడ్ చుక్కల మధ్య దూరం 58 నానోమీటర్లున్నప్పుడు కణాలు బాగా పరుచుకున్నాయి, 73 అయ్యేసరికి పట్టు తగ్గింది. అయితే ఆ ప్రయోగం పాలిమర్ మీద కాదు, గాజు మీద పెట్టిన బంగారు చుక్కలకు పెప్టైడ్ కలిపి చేసింది.