కర్ర సరే, దారేదీ?

ఏటా డిసెంబర్ 3న వచ్చే దివ్యాంగుల దినోత్సవం నాడు అంధుల చేతిలో కంపించే కర్ర పెట్టి ఫొటో దిగే ప్రజాప్రతినిధులు, అదే కర్రతో వారు సభాస్థలి నుంచి బస్టాపు దాకా ఎలా చేరుకుంటారో ఒక్కసారి వెంట నడిచి చూసి ఉంటే ఈ నాలుగు మాటలు రాయాల్సిన అగత్యం ఉండేది కాదు. బహిరంగ స్థలాలను దివ్యాంగులకు అనువుగా తీర్చే తప్పనిసరి నిబంధనలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని సుప్రీంకోర్టు ఆదేశించింది 2024 నవంబర్ 8న. ఆ లెక్కన 2025 ఫిబ్రవరికే ఆ నిబంధనలు చేతికి రావాల్సింది. గడువు తేదీని పత్రికలు గుర్తుచేయాల్సి రావడమే సిగ్గుచేటు. కర్ర పంచడంలో ఉన్న ఉత్సాహం దారి వేయడంలో కనిపించకపోవడాన్ని అలసత్వమని సరిపెట్టుకోలేం. అది నిఖార్సయిన ద్వంద్వ నీతి.

పరికరాన్ని మేం తప్పుపట్టడం లేదు. ఢిల్లీ ఐఐటీలో ప్రొఫెసర్ ఎం.బాలకృష్ణన్ బృందం తీర్చిదిద్దగా 2014లో అందుబాటులోకి వచ్చిన స్మార్ట్‌కేన్ దేశం గర్వించదగ్గ ఆవిష్కరణ. మామూలు తెల్లకర్ర నేలను తడిమి చెబుతుందే తప్ప మోకాలికి పైనున్నది దానికి అందదు. వేలాడే కొమ్మ, గోడ నుంచి పొడుచుకొచ్చిన ఏసీ పెట్టె, ఆగి ఉన్న లారీ వెనుక తలుపు నుదుటికి తగిలాకే తెలుస్తాయి. స్మార్ట్‌కేన్ పిడికి అమర్చిన పరికరం గబ్బిలం మాదిరిగా అతిధ్వని తరంగాలను పంపి, 3 మీటర్ల లోపు మోకాలి నుంచి తల ఎత్తు వరకు ఉన్న అడ్డంకిని పసిగట్టి, దూరాన్ని బట్టి తీరు మార్చుకునే కంపనంతో ఆ కబురును అరచేతికి చేరవేస్తుంది. చెవులను వాహనాల రొదకు, మనుషుల మాటలకు వదిలిపెడుతుంది కాబట్టి అంధులకు అది మేలు. చూపుతోపాటు వినికిడీ లేని బధిరాంధులకైతే స్పర్శ ఒక్కటే ఆధారం. హైదరాబాద్‌కు చెందిన డ్యూసియర్ టెక్నాలజీస్ రూపొందించిన లేచల్ పాదరక్షల వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన: ఎడమకు తిరగాల్సి వస్తే ఎడమ పాదం కింద, కుడికైతే కుడి పాదం కింద కంపనం పుడుతుంది.

మరి ఈ కర్రతో అమీర్‌పేటలోనో, బెజవాడ వన్‌టౌన్‌లోనో వంద అడుగులు వేయగలరా? కాలిబాటపై వరుసగా నిలిపిన బైకులు, టిఫిన్ బండి, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, ఫ్లెక్సీ కట్టిన గుంజలు. పిడి ఆగకుండా కంపిస్తూనే ఉంటుంది. ఏది దగ్గరో ఏది దూరమో తేడా తెలియక ఆ మనిషి చివరకు కాలిబాట దిగి వాహనాల మధ్య నడవాల్సిందే. మూత లేని మ్యాన్‌హోల్ సంగతి మరీ ఘోరం. పరికరం చూపు మోకాలికి పైన ఉంటుంది. గొయ్యిని పట్టవలసింది పాత కర్ర మొనే, అదీ సమయానికి ఆ అంచు తగిలితే. కాలికి, కర్రకు తగిలి అంధులకు దారి చూపే స్పర్శ పలకలను జపాన్‌లో సెయిచి మియాకే రూపొందించగా, వాటిని 1967లో ఒకయామా వీధిలో తొలిసారి పరిచారు. మన కాంట్రాక్టర్లు ఆ పసుపు పలకలను విద్యుత్ స్తంభం మొదట్లోకి తీసుకెళ్లి ముగించినా బిల్లులు ఆగడం లేదు. ఎడమ చేత్తో కర్ర ఇచ్చి, కుడి చేత్తో దారి మూయడం ఏం న్యాయం?

రోడ్డు దాటడం ఇంకో పరీక్ష. కొన్నిచోట్ల కూతపెట్టే సిగ్నళ్లు పెట్టి అంధులకు ఎంతో చేశామనుకుంటున్నారు. ఆ కూత బధిరాంధులకు వినపడదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. బ్రిటన్‌లో పాదచారుల మీటపెట్టె అడుగున చిన్న గాడుల శంకువు ఉంటుంది. దాటవచ్చన్న గుర్తు వెలిగినప్పుడు అది వేళ్ల కింద తిరుగుతుంది. అమెరికాలో మీటపై ఉబ్బెత్తు బాణం దాటవలసిన దిక్కును చూపుతుంది, నడవాల్సిన సమయం రాగానే కంపిస్తుంది. అక్కడా పాలకులు తమంతట తాముగా వాటిని అమర్చలేదు. న్యూయార్క్ నగరం ఈ విషయంలో చట్టాన్ని ఉల్లంఘించిందని ఫెడరల్ న్యాయస్థానం 2020లో తేల్చి, పదేళ్లలో కనీసం 10,000 కూడళ్లలో ఇలాంటి సిగ్నళ్లు పెట్టాలని 2021లో ఆదేశిస్తేనే కదిలింది.

నిధులు లేవని, వీధులు ఇరుకని, బధిరాంధులు కొద్దిమందేనని మన పురపాలకులు చెబుతారు. మొదటి రెండింటిలో కొంత నిజం లేకపోలేదు. మూడోదాన్ని మాత్రం మేం ఒప్పుకోం. 2011 జనాభా లెక్కల్లో బధిరాంధులకు ప్రత్యేక గడి లేదు. లెక్కే పెట్టని మనుషులను కొద్దిమంది అని కొట్టిపారేసే హక్కు ఎవరిచ్చారు? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వారిని పేరుపెట్టి గుర్తించింది. అయితే 2017 నిబంధనల్లో ప్రమాణాలన్నీ సిఫార్సుల స్థాయిలోనే ఉండిపోయాయి. హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయ నిపుణులు క్షేత్రస్థాయి పరిస్థితిని నివేదించాక, చట్టం శాసిస్తే నిబంధన బతిమాలడమేమిటని సుప్రీంకోర్టు 15(1) నిబంధనను కొట్టేసింది. సిఫార్సు అన్న ఆ ఒక్క మాటే ఏడేళ్లకు పైగా ప్రతి ఇంజినీరుకూ రక్షణ కవచమైంది. ఈసారీ ప్రమాణాలను మెత్తబరిస్తే, కోర్టు తీర్పును సైతం వాయిదాలతో నీరుగార్చవచ్చన్న పాఠం ప్రతి కార్యాలయమూ నేర్చుకుంటుంది.

చట్టంలోని 89వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘనకు తొలిసారి రూ.10 వేల దాకా, ఆపై రూ.50 వేల నుంచి రూ.5 లక్షల దాకా జరిమానా విధించవచ్చు. దాన్ని అమలు చేయాలని, నిబంధనలు పాటించని నిర్మాణాలకు, పని పూర్తయినట్లు ఇచ్చే ధ్రువపత్రాలు ఆపాలని న్యాయస్థానమే చెప్పింది. స్తంభం దగ్గర ఆగిపోయిన పసుపు పలకలకు, మీట లేని కొత్త సిగ్నళ్లకు ఇంతవరకు ఎవరెవరికి ఎంత జరిమానా వేశారో రెండు తెలుగు రాష్ట్రాల పురపాలక శాఖలు ప్రజల ముందు పెట్టాలి. ఆ జాబితా ఖాళీగా ఉంటే, వచ్చే డిసెంబర్ 3న వేదికెక్కి కర్రలు పంచే సాహసం ఏ మంత్రీ చేయకూడదు.