ఏడవడానికి కూడా మీ అనుమతి కావాలా?

ఈ ఉదయం ఆరాధన ముగిసి నేను ఇంకా గుమ్మం దాటకముందే ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, మీ అమ్మగారు ప్రభువు దగ్గర ఉన్నారు, విశ్వాసులమైన మనమే ఇలా ఏడిస్తే అన్యులు ఏమనుకుంటారు?" అని మెత్తగా మందలించారు. అమ్మను సమాధి చేసి ఆరు వారాలే అయింది. నేను తల ఊపి వచ్చేశాను గానీ, ఇంటికి చేరి ఇన్ని గంటలైనా ఆ మాట గొంతులోనే అడ్డుపడి ఉంది.

అన్యుల సంగతి తరువాత చూద్దాం. చనిపోయిన తన స్నేహితుడు లాజరును మరికాసేపట్లో తానే బ్రతికించబోతున్నానని తెలిసి కూడా అతని సమాధికి వెళ్లే దారిలో యేసు కన్నీళ్లు విడిచాడు. ఈ లెక్కన ఆయన కూడా ఆ పెద్దావిడ పెట్టిన విశ్వాస పరీక్షలో తప్పినట్టే. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఈ గిన్నె, అంటే రాబోయే ఆ శ్రమ, తొలగించమని ఒకే ప్రార్థన మూడుసార్లు చేసినవాడిని, సిలువ మీద 22వ కీర్తన మొదటి మాటతో "నన్నెందుకు విడిచావు" అని కేక వేసినవాడిని ఆరాధించి లేచి, రెండు నిమిషాలైనా గడవకముందే నా కన్నీళ్లకు లెక్క అడగడానికి ఎంత ధైర్యం ఉండాలి!

బైబిల్లో బిడ్డలనూ ఆస్తినీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులను మనం ఊరికే ఆడిపోసుకుంటాం గానీ, వాళ్లు మొదట చేసిన పని మనలో ఒక్కరు కూడా చేయరు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితోపాటు నేల మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. నోళ్లు తెరిచాకే అసలు గొడవ మొదలైంది, చివరికి దేవుని కోపం రగిలింది కూడా వాళ్ల మీదే. మన ఓదార్పువాళ్లు ఆ ఏడు రోజుల మౌనాన్ని వదిలేసి, తిన్నగా ఉపన్యాసంతోనే మొదలుపెడతారు.

ఉపన్యాసం అంటే గుర్తొచ్చింది. అమ్మ మంచాన ఉన్నప్పుడు ప్రార్థన చేయడానికి వచ్చిన ఒక సహోదరుడు, ఆమె వింటుండగానే, "ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోండి, విశ్వాసం నిండుగా ఉంటే స్వస్థత ఆగదు" అన్నాడు. ఆయన కళ్లద్దాలు ఏ విశ్వాసలోపం వల్ల వచ్చాయో నేను అడగలేదు. అమ్మ నేర్పిన మర్యాద అడ్డొచ్చింది. తన శరీరంలోని ముల్లును, అంటే తనను వేధిస్తున్న బాధను, తీసివేయమని అపొస్తలుడైన పౌలు మూడుసార్లు ప్రభువును వేడుకుంటే అది తొలగలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబే వచ్చింది. పౌలుకు కూడా విశ్వాసం చాలలేదని చెప్పగలిగినవాళ్లు ముందుకు రావాలి. ఆ సహోదరుడు వెళ్లిన తరువాత అమ్మ నన్ను పిలిచి, తాను ఏ పాపం మరచిపోయి ఉంటుందో గుర్తు చేయమని అడిగింది. ఆ ప్రశ్నను నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

నేను ప్రార్థన మానలేదు. నిజానికి ఈ ఆరు వారాలు నన్ను నిలబెట్టింది అదే. నిద్ర పట్టని రాత్రుల్లో నేను తెరిచేది 88వ కీర్తన. మొరపెట్టే మిగతా కీర్తనలన్నీ దాదాపుగా చివరికి స్తోత్రం వైపు మళ్లుతాయి, ఇది మాత్రం చీకటి అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. అయినా దాన్ని ఎవరూ కొట్టివేయలేదు, చివర ఒక ఆశాజనకమైన వాక్యం అతికించలేదు, 150 కీర్తనల మధ్య అలాగే ఉంచారు. నాకు మాటలు రానప్పుడు పరిశుద్ధాత్మే మూలుగులతో నా తరఫున విజ్ఞాపన చేస్తాడని రోమీయులకు రాసిన పత్రికలో చదివాను గనుక, ఎన్నో రాత్రులు "ప్రభువా" అని మాత్రమే అని ఊరుకున్నాను.

అమ్మను సమాధి చేసిన సాయంత్రం మరొక ముసలావిడ వచ్చి నా పక్కన చాలాసేపు కూర్చున్నారు. ఒక్క వచనం కూడా చెప్పలేదు. వెళ్లేముందు నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఈ బిడ్డకు చాలా నొప్పిగా ఉంది" అని, ఆమేన్ చెప్పి లేచారు. నొప్పి తగ్గలేదు గానీ, ఆ రాత్రి నేను నిద్రపోయాను.