సోయా తుప్పు తెగులు ప్రపంచమంతా ఒక్కటే అంటున్న మెసేజ్‌కు జవాబు

వానాకాలం సోయా విత్తే రోజులు దగ్గర పడితే చాలు, రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: “సోయా తుప్పు తెగులు తెచ్చే ఫంగస్‌కు ఆడ మగ కలయిక లేదు. కాబట్టి ప్రపంచమంతా ఉన్నది ఒకే రకం తుప్పు. తట్టుకునే రకం ఒక్కటి వేస్తే ఇక జీవితాంతం మళ్లీ రాదు. మందు పనిచేయలేదంటే డోసు తగ్గిందని అర్థం, పెంచి కొట్టండి. బ్రెజిల్ సంగతులు చెప్పి భయపెట్టేవాళ్లను నమ్మకండి, అక్కడి తుప్పుకూ మనకూ సంబంధం లేదు.”

ఇందులో ప్రతి మాటకూ ఎక్కడో కాస్త నిజం అంటుకుని ఉంది. అందుకే చదివినవాళ్లు నమ్ముతున్నారు. నమ్మి విత్తనం కొంటున్నారు, మందు డోసు పెంచుతున్నారు. డబ్బు పోయేది వాళ్లదే కాబట్టి ఒక్కో మాటకూ విడిగా జవాబు చెప్పాల్సిందే.

ముందు తెగులు సంగతి. దీన్ని తెచ్చే ఫంగస్ పేరు ఫాకోప్సోరా పాకిరైజి. పూత సమయానికి కింది ఆకుల మీద మొదట సన్నని మచ్చలు పడతాయి. ఆకు తిప్పి భూతద్దంతో అడుగు వైపు చూస్తే ఆ మచ్చల్లో గుండుసూది తలకన్నా చిన్న పొక్కులు, ఒక్కో పొక్కు కొసన ఒక రంధ్రం, అందులోంచి బయటికి వస్తున్న లేత రంగు పొడి కనిపిస్తాయి. ఆ పొడే సిద్ధబీజాలు. బ్యాక్టీరియా వల్ల వచ్చే పొక్కులు కూడా దూరం నుంచి ఇలాగే ఉంటాయి గానీ వాటికి ఈ రంధ్రం, ఈ పొడి ఉండవు. ఆకు ఆరు నుంచి పన్నెండు గంటలు తడిగా ఉండి, ఎండ తీవ్రత లేకపోతే బీజం మొలిచి నేరుగా ఆకు పైపొరను చీల్చుకుని లోపలికి పోతుంది. తొమ్మిది పది రోజుల్లో కొత్త పొక్కులు. ఒక పొక్కు మూడు వారాల దాకా బీజాలు వదులుతూనే ఉంటుంది. పట్టించుకోకుండా వదిలేస్తే ఆకంతా ముందే రాలిపోయి దిగుబడిలో 80 శాతం వరకూ పోయిన సందర్భాలున్నాయి.

ఇప్పుడు మొదటి మాట: కలయిక లేదు కాబట్టి అంతా ఒకే రకం. దీని మీదే మిగతా మెసేజ్ అంతా నిలబడి ఉంది కనుక కాస్త ఆగి చూద్దాం. పొలంలో మనం చూసే తుప్పు అంతా పొక్కుల్లోంచి వచ్చే బీజాలతోనే పెరుగుతుందన్నది నిజం. ఆసియాలో అక్కడక్కడా దీని మరో దశ కనిపించింది గానీ, గోధుమ కాండపు తుప్పుకు బార్బెర్రీ అనే పొద ఉన్నట్టు లైంగిక దశ పూర్తి కావడానికి దీనికి కావలసిన మరో మొక్క ఏదో ఇంతవరకూ తెలియలేదు. అంతవరకూ మెసేజ్ రాసినవాళ్లు చెప్పింది సరే. అక్కడి నుంచి “ఒకే రకం” అనే మాటకు దూకడమే తప్పు.

కలయిక లేకపోయినా డీఎన్ఏ నకలు రాసుకునేటప్పుడు తప్పులు పడుతూనే ఉంటాయి. ఒక సీజన్‌లో పది రోజులకోసారి కొత్త తరం, ఒక్కో ఆకు మీద వందల పొక్కులు, ఎకరంలో లక్షల ఆకులు. ఇన్ని కోట్ల బీజాల్లో ఏదో ఒకదానికి పనికొచ్చే మార్పు దొరకడం అరుదేమీ కాదు. పైగా దీని ప్రతి కణంలోనూ రెండు కేంద్రకాలు ఉంటాయి, వాటిలోని జన్యువులు అచ్చంగా ఒకటి కావు. వేరువేరు నమూనాల దారాల్లాంటి పోగులు ఒకదాన్నొకటి తాకి అతుక్కోవడం, ఒకదాని కేంద్రకాలు రెండోదాంట్లోకి పోవడం ప్రయోగశాలలో కనిపించింది. అంటే ఆడ మగ లేకుండానే జన్యువుల కలబోత జరిగే దారి కూడా ఉంది.

2023లో ఈ ఫంగస్ మూడు నమూనాల జీనోమ్ (అంటే మొత్తం డీఎన్ఏ) వివరాలు ప్రచురితమయ్యాయి. 125 కోట్ల బేస్ జతల (డీఎన్ఏ అక్షరాల) దాకా ఉన్న జీనోమ్ ఇది, మన వరి జీనోమ్ కంటే కూడా చాలా పెద్దది. అందులో సుమారు 93 శాతం ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరగగలిగే డీఎన్ఏ ముక్కలే. ఇవి జరిగినప్పుడల్లా పక్కన ఉన్న జన్యువు చెడిపోవచ్చు, మారవచ్చు. అలాంటి ఫంగస్‌ను మార్పు లేని జీవి అనడానికి ఆధారమేమిటి?

ప్రయోగశాల మాటలు వద్దు, పొలం సంగతి చెప్పమంటారా? నైజీరియా సోయా పొలాల నుంచి తెచ్చిన తుప్పు నమూనాల డీఎన్ఏ పోల్చి 2011లో ప్రచురించిన అధ్యయనం ఉంది. తేడాల్లో అత్యధిక భాగం ఊరికీ ఊరికీ మధ్య కాదు, ఒకే పొలంలో తీసిన నమూనాల మధ్యే కనిపించింది. ఈ ఒక్క విషయం చాలు “ఒకే రకం” అన్న ఆ మొదటి మాట వీగిపోవడానికి. ఒక చేనులోనే ఒకే తుప్పు లేనప్పుడు ప్రపంచమంతా ఒకే తుప్పు ఎలా ఉంటుంది?

రెండో మాట, తట్టుకునే రకం ఒక్కటి వేస్తే జీవితాంతం నిశ్చింత. తట్టుకునే రకాలు వేయవద్దని ఎవరూ అనరు, తప్పక వేయాలి. కానీ ఆ తట్టుకునే శక్తి ఎలా పనిచేస్తుందో తెలిస్తే “జీవితాంతం” అనే మాట ఎవరి నోటా రాదు. సోయాలో తుప్పును ఆపే జన్యువులను ఆర్‌పీపీ1 నుంచి ఆర్‌పీపీ7 వరకూ గుర్తించారు. ఇలాంటి జన్యువు ఫంగస్ మొక్కలోకి పంపే ఒకానొక ప్రోటీన్‌ను పసిగట్టి, ఆ చోట కణాలను చంపి తెగులును అక్కడికక్కడే ఆపుతుంది. అప్పుడు ఆకు మీద ఎర్రటి గోధుమ రంగు మచ్చ మిగులుతుంది, పొక్కులు దాదాపు రావు. ఫంగస్ ఆ ప్రోటీన్‌ను కొంచెం మార్చుకున్నా, వదిలేసుకున్నా మొక్కకు అది కనబడదు. ఆ రకం మామూలు రకమైపోతుంది.

ఇది ఊహ కాదు. భారత్ నుంచి 1973లో సేకరించిన తుప్పు నమూనాను ఆర్‌పీపీ1 ఉన్న సోయా అసలు దగ్గరికే రానివ్వలేదు. అదే జన్యువు బ్రెజిల్ తుప్పు ముందు నిలవలేదు. ఆర్‌పీపీ3 కథ మనకు ఇంకా దగ్గరిది. ఆ జన్యువు దొరికింది ‘అంకుర్’ అనే భారతీయ సోయా రకంలో. అది కూడా బ్రెజిల్‌లో చాలాచోట్ల పనిచేయలేదు. అర్జెంటీనా, బ్రెజిల్, పరాగ్వేల నుంచి 2007–2010 మధ్య తెచ్చిన 59 తుప్పు నమూనాలను 16 సోయా రకాల మీద పరీక్షించారు. ఒక దేశం తుప్పు ఆగిన రకం మీద ఇంకో దేశం తుప్పు విరగబడింది. ఒకే దేశంలో కూడా ఏడాదికీ ఏడాదికీ తేడా వచ్చింది. అన్ని రకాల మీదా అచ్చంగా ఒకేలా ప్రవర్తించిన నమూనాలు చాలా కొద్ది.

అందుకే శాస్త్రవేత్తలు ఇప్పుడు ఒక రకంలో రెండు మూడు జన్యువులను కలిపి పెట్టే పని చేస్తున్నారు. ఒకదాన్ని దాటినా ఇంకోటి పట్టుకుంటుంది, రెండింటినీ ఒకేసారి దాటే బీజం పుట్టడం చాలా కష్టం. సోయాలో దొరికేవి చాలక వేరే పంటల వైపూ చూశారు. మన కంది నుంచి తీసిన ఒక జన్యువును సోయాలో పెడితే తుప్పు ఆగిందని 2016లో ప్రచురించారు. ఒక్క జన్యువుతో పని జీవితాంతం అయిపోయేదైతే కంది దాకా రావలసిన అవసరమేముంది?

మూడోది డోసు. ఇది చదివినప్పుడు నిజంగానే కోపం వచ్చింది, ఎందుకంటే దీని నష్టం వెంటనే చేతికి తగులుతుంది. డోసు తగ్గించి కొట్టినా, మందు ఆకు అడుగుకి చేరకపోయినా ఫలితం రాదన్నది నిజమే. కానీ బ్రెజిల్‌లో జరిగింది అది కాదు. అక్కడ తుప్పు 2001లో అడుగుపెట్టింది. ట్రయజోల్ అనే గుంపు మందులు, ముఖ్యంగా టెబుకొనజోల్, మొదట బాగా పనిచేశాయి. 2007 తర్వాత పట్టు తగ్గడం మొదలైంది. డీఎన్ఏ చదివితే ఆ మందులు దెబ్బకొట్టే జన్యువులో మార్పులు కనిపించాయి. తర్వాత స్ట్రోబిలురిన్ మందుల వంతు: వాటి లక్ష్యమైన సైటోక్రోమ్ బి ప్రోటీన్‌లో 129వ స్థానంలో ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం బదులు ల్యూసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం చేరింది. ఆ తర్వాత వచ్చిన కొత్త గుంపు మందుల లక్ష్యంలో 86వ స్థానంలో ఐసోల్యూసిన్ పోయి ఫినైల్ అలనిన్ వచ్చింది. మూడు గుంపుల మందులు, మూడు వేరువేరు జన్యువుల్లో మార్పులు, అన్నీ రెండు దశాబ్దాల లోపే. ఇలాంటి బీజాలున్న పొలంలో అదే మందు డోసు పెంచితే ఏమవుతుంది? మందుకు లొంగేవి అన్నీ చచ్చిపోయి, లొంగనివే మిగిలి, తర్వాతి తరమంతా వాటి సంతానమే అవుతుంది. మెసేజ్ రైతుకు ఇస్తున్న సలహా సరిగ్గా ఇదే.

ఇక్కడ మన డీలర్ షాపుల్లో జరిగే ఒక సంగతి చెప్పాలి. ఒక మందు పనిచేయలేదంటే “ఇది మార్చి కొట్టు అన్నా” అని వేరే డబ్బా చేతిలో పెడతారు. హెక్సాకొనజోల్ బదులు ప్రోపికొనజోల్ ఇస్తే కంపెనీ మారింది, రంగు మారింది, మందు గుంపు మాత్రం మారలేదు. రెండూ ట్రయజోల్సే. డబ్బా మీద బ్రాండ్ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే టెక్నికల్ పేరు చూడండి. అది ఏ గుంపుదో కృషి విజ్ఞాన కేంద్రంలోనో, వ్యవసాయ విస్తరణ అధికారినో అడగండి. బ్రెజిల్‌లో ఇప్పుడు ఈ మందులకు తోడు మాంకోజెబ్ లాంటి, ఫంగస్‌ను ఒకేసారి చాలాచోట్ల దెబ్బకొట్టే పాత మందులను కలుపుతున్నారు, ఒక్క మార్పుతో వాటి నుంచి తప్పించుకోవడం ఫంగస్‌కు సాధ్యం కాదు కాబట్టి.

ఇక చివరి మాట, బ్రెజిల్ తుప్పుకూ మనకూ సంబంధం లేదన్నది. ఈ ఫంగస్ బ్రెజిల్‌ది కాదు, ఆసియాదే. జపాన్‌లో 1902లో మొదట నమోదైంది. భారత్‌లో సోయా మీద 1951లోనే కనిపించింది, 1994లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్‌ల్లో పెద్దఎత్తున వచ్చింది. 1996కల్లా ఉగాండాలో, 2001లో దక్షిణ అమెరికాలో, 2004లో అమెరికాలో ప్రవేశించింది. ఈ బీజాలు గాలిలో ఎంత దూరమైనా పోతాయి. సరిహద్దు అనే మాటే వాటికి వర్తించదు.

మన దగ్గర తుప్పు ఏటా గట్టిగా వచ్చే చోట్లు కృష్ణా నది పైభాగంలో ఉన్నాయి. బెళగావి జిల్లాలోని ఉగార్ ఖుర్ద్, ఇటు సాంగ్లీ, కొల్హాపూర్. తట్టుకునే రకాలు వచ్చింది కూడా అక్కడి వ్యవసాయ పరిశోధన నుంచే: ధార్వాడ్ నుంచి డీఎస్‌బీ 21, సాంగ్లీ దగ్గర కస్బే డిగ్రజ్ కేంద్రం నుంచి ఫూలే అగ్రణి, ఫూలే సంగం, ఫూలే కిమయ. ఆదిలాబాద్ వైపు ఏళ్ల తరబడి వేస్తూ వచ్చిన జేఎస్ 335 తుప్పుకు లొంగే రకం. మన దగ్గర వరుసగా వానలు పడి ఆకు ఆరకుండా ఉండే రోజుల్లో ఆ రకం వేసినవాళ్లు కింది ఆకులు తిప్పి చూసుకోవడం అవసరం. తట్టుకునే రకం వేసినవాళ్లు కూడా చూడాలి. ఆ రకం మీద పొక్కులు నిండుగా కనబడితే నకిలీ విత్తనమని ఊరుకోకుండా ఆకులు తీసుకెళ్లి శాస్త్రవేత్తలకు ఇవ్వండి. తుప్పు మారిందన్న మొదటి కబురు చాలాసార్లు అలాంటి ఆకు నుంచే వస్తుంది.

బ్రెజిల్ నుంచి నేర్చుకోవలసినది ఇంకోటుంది, మెసేజ్ దాని ఊసే ఎత్తదు. 2006 నుంచి అక్కడి రాష్ట్రాలు ఏడాదిలో 60 నుంచి 90 రోజులు పొలంలో బతికున్న సోయా మొక్క ఒక్కటీ ఉండకూడదని నియమం పెట్టాయి. ఈ ఫంగస్ పచ్చని మొక్క లేకుండా బతకదు. రాలిన గింజలు మొలిచినా తీసేస్తారు. ఆ విరామంలో ఎన్ని రకాల తుప్పులున్నా అన్నిటికీ తిండి ఒకేసారి ఆగిపోతుంది. మనకు అంత తేలిక కాదు, చిక్కుడు, అలసంద జాతి మొక్కలు 150కి పైగా దీనికి ఆశ్రయమిస్తాయి. కానీ సోయా కోసిన చేలో రాలి మొలిచిన మొక్కలను దున్నేయడం, నీళ్లున్నాయని యాసంగిలో కూడా సోయా విత్తనోత్పత్తి పెట్టేచోట చుట్టుపక్కల రైతులు మాట్లాడుకుని తుప్పు మీద కన్నేయడం, ఈ రెండూ మన చేతిలో ఉన్నవే.