రెడ్ మైల్ గొప్పతనం గడియారానిదా, పందేనిదా?

అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లెక్సింగ్టన్ ఊళ్లో రెడ్ మైల్ అనే హార్నెస్ రేసు ట్రాక్ ఉంది. 1875లో మొదలైంది, కెంటకీ డెర్బీ పుట్టిన ఏడాదే. మలక్‌పేట రేసుల్లోలా ఇక్కడ గుర్రం మీద జాకీ ఉండడు. వెనక సల్కీ అనే రెండు చక్రాల తేలిక బండి, అందులో డ్రైవర్. గుర్రం దౌడు తీయకూడదు. ట్రాట్ అయితే ముందు కుడికాలు, వెనక ఎడమకాలు జంటగా కదలాలి. పేస్ అయితే ఒకే పక్క కాళ్లు జంటగా కదలాలి. నడక తప్పి దౌడులోకి పోతే డ్రైవర్ వెంటనే పగ్గం బిగించి దారిలో పెట్టాలి, ఈలోగా మిగతావి దాటిపోతాయి.

ఈ ట్రాక్ పేరు నిలబెట్టింది టైమ్ ట్రయల్సా, అంటే పోటీ లేకుండా గడియారం మీద పరుగులా, లేక అసలు పందేలా? బావ, బావమరిది ఇద్దరికీ దీని మీదే వాదన.

బావమరిది: రెడ్ మైల్ అనగానే నాకు 1980 అక్టోబరు 1 గుర్తొస్తుంది బావా. నయాట్రాస్ ఆ రోజు మైలు దూరం 1 నిమిషం 49.2 సెకన్లలో ముగించింది. 1:50 లోపు వచ్చిన మొదటి హార్నెస్ గుర్రం అదే. పాత రికార్డు 1:52, అదీ ఈ ట్రాక్ మీదే, 1971లో స్టెడీ స్టార్ పెట్టింది. ఒక్క పరుగుతో దాదాపు మూడు సెకన్లు కోసేయడం మాటలా?

బావ: ఎవరి మీద గెలిచిందోయ్? పక్కన దౌడు తీసే గుర్రాల్ని పెట్టి ఉసిగొలిపారు. ముందు దారి మూసే బండి లేదు, రైలింగ్ పక్కన ఇరుక్కునే భయం లేదు. ఆ వేసవిలోనే సరటోగా పందెంలో అదే నయాట్రాస్ రైలింగ్ మీంచి అవతల పడింది. పందెం అంటే అది. అలాంటి గండం గడియారం పెట్టగలదా?

బావమరిది: పడితే మాత్రం? ఆ ఏడే పేస్ గుర్రాల మూడు పెద్ద పందేలు, కేన్ పేస్, లిటిల్ బ్రౌన్ జగ్, మెసెంజర్, మూడూ గెలిచింది. మొత్తం 39 పందేల్లో 37 గెలుపులు. పందేనికి జడిసే గుర్రం కాదది. అలాంటిదాన్ని పక్క గుర్రాలు ఎంతవరకు తరమగలవు? తమ శక్తి ఉన్నంతవరకే. దాని అంతు తేల్చింది గడియారమే. అసలు ఈ జాతి పేరే స్టాండర్డ్‌బ్రెడ్ కదా! 1879లో మైలుకు రెండున్నర నిమిషాలు ప్రమాణంగా పెట్టారు. జాతినే గడియారంతో కొలిచినవాళ్లు వీళ్లు.

బావ: అది లోపలికి రానిచ్చే గడప, సింహాసనం కాదు. సింహాసనం కావాలంటే కెంటకీ ఫ్యూచరిటీ చూడు. 1893 నుంచీ ఉంది, మూడేళ్ల ట్రాటర్ల పందెం. హాంబుల్‌టోనియన్, యాంకర్స్ ట్రాట్, ఆపైన ఇది, మూడూ కలిస్తే ట్రిపుల్ క్రౌన్. 1955లో స్కాట్ ఫ్రాస్ట్ మొదటిసారి మూడూ గెలిచింది. 2016లో మారియన్ మరాడర్ ఆ కిరీటం పూర్తి చేసింది ఈ మట్టి మీదే. మూడు ఊళ్లు, మూడు తీర్ల ట్రాక్‌లు, ప్రతిచోటా కాచుకున్న ప్రత్యర్థులు.

బావమరిది: ఆ 2016 అక్టోబరులోనే ఆల్వేస్ బీ మికీ టైమ్ ట్రయల్‌లో 1:46లో మైలు తీసిందిక్కడ! ఇంకా వెనక్కి పోతే 1938లో గ్రేహౌండ్, 1:55.25. ట్రాటర్లలో ఆ రికార్డును ముప్పై ఏళ్ల పైన ఎవరూ ముట్టలేదు. ఎందుకంటావ్? ఇది నిండు మైలు ట్రాక్, మైలుకి రెండే మలుపులు. అరమైలు ట్రాక్ మీద నాలుగు తిరగాలి, ప్రతి మలుపులో వేగం తరుగుతుంది. ఇక్కడ ఎర్రమట్టి, పొడుగాటి తిన్నని దారి. వేగం కోసమే పుట్టిన నేల బావా ఇది.

(ఈ మాట నిజమే. 1882 నాటి ఎనిమిది మూలల ఫ్లోరల్ హాల్ పక్కనే ఇప్పటికీ నిలబడి ఉన్న ఈ ట్రాక్ మీద ఎన్ని తరాల గుర్రాలు వేగం చూపాయో తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. అయినా నా మొగ్గు బావ వైపే.)

బావ: ఆ పొడుగాటి దారి పందేనికి పనికిరాదా? వెనక కాచుకుని, గాలి తగలకుండా బలం దాచుకుని, చివరి వంద గజాల్లో బయటికి లాగే డ్రైవర్‌కి అదేగా చోటు! సరే, నీ అంకెల మాటే తీసుకుందాం. ఆ 1:46 ఎక్కడ పోయింది? 2022లో బుల్‌డాగ్ హానోవర్ 1:45.8 తీసింది. టైమ్ ట్రయల్‌లో కాదు, సొమ్ము కోసం తక్కిన గుర్రాలు తరుముతుంటే, నిండు పందెంలో.

బావమరిది: అది న్యూజెర్సీలో, మేడోలాండ్స్‌లో. రెడ్ మైల్‌లో కాదు బావా.

బావ: రెడ్ మైలే కావాలా? 2018 అక్టోబరు. హోమిసైడ్ హంటర్, 1:48.8. అప్పటికి ప్రపంచంలో ఏ ట్రాటరూ అంత వేగంగా మైలు తీయలేదు. ఆ రోజు దాని వెనక మిగతా బండ్లన్నీ ఉన్నాయి.