దొర్లేదానికి దొర్లేదే అడ్డం

నిన్న ఆదివారం పొద్దున 9.30 నుంచి పదింబావు దాకా మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు డిక్కీ అంచు పట్టుకుని నిలబడ్డాను, బర్రె తోక పట్టుకుని ఏరు దాటేవాడిలా. కారు బరువు 960 కిలోల పైమాటే. నా బరువు 71. అది కదలదలచుకుంటే నేను ఆపలేనని నాకూ తెలుసు, చుట్టూ చేరినవాళ్లందరికీ తెలుసు. అయినా వదల్లేదు. వదిలితే ఏమవుతుందో తెలియక కాదు, వదిలాక ఏమీ కాకపోతే అంతసేపూ ఎందుకు పట్టుకున్నట్టు అని అడుగుతారేమోనని.

ఇక్కడిదాకా ఎలా వచ్చిందో గబగబా చెప్పేస్తాను. మా బామ్మర్ది స్నేహితుడొకడు కారు అమ్ముకుంటూ, దానికి వేయించుకున్న లోయరింగ్ స్ప్రింగులు నాలుగూ విప్పి ఉంచుకున్నాడు. ఎర్రగా ఉంటాయి. అవి మా 2012 స్విఫ్ట్‌కి అతికినట్టు సరిపోతాయని, కారు 40 మిల్లీమీటర్లు కిందికి దిగి మలుపుల్లో ఒరగకుండా పోతుందని, "బావా, లుక్కే మారిపోద్ది" అని బామ్మర్ది. మా కారుకీ నేలకీ మధ్య ఉన్నది 170 మిల్లీమీటర్లు. అందులో 40 పోతే 130. స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల పుస్తకంలో ఉంది. మా కాలనీ గేటు ముందున్న స్పీడ్ బ్రేకర్ ఆ పుస్తకం చదవలేదు. డ్రైనేజీ పని అయ్యాక మిగిలిన కాంక్రీటు ఎక్కడ పోయాలో తోచక పోసినది అది. ఎత్తు మూరెడు లేదుగానీ, వెడల్పు మాత్రం కూర్చునే పీటంత. "ఉన్న కారే గీరుకుంటోంది, ఇంకా కిందికి దించడం దేనికండీ?" అని మా ఆవిడ అడిగింది. "నీకు తెలీదులే" అన్నాను. నాకూ తెలీదు.

బామ్మర్ది పొద్దున 8 గంటలకి, లేపిన కారు కింద ఆసరాగా పెట్టే జాక్ స్టాండులు తీసుకుని వస్తానన్నాడు. 8.40కి వాడి ఫోను స్విచాఫ్. రాత్రి పంపిన వీడియో మాత్రం నా ఫోన్లో భద్రంగా ఉంది. అందులో ఒకాయన తెల్లటి గ్యారేజీలో, తెల్లటి బనీను మీద మరక పడకుండా ఇరవై నిమిషాల్లో పని ముగించి చేతులు తుడుచుకుంటాడు. ముందు వైపు కష్టమట. స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే స్ట్రట్ మొత్తం దించి, స్ప్రింగుని కంప్రెసర్‌తో నొక్కిపట్టి విప్పాలి, జారితే మొహం పగులుతుంది. వెనకవైపు పిల్లలాటట. షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు విప్పితే యాక్సిల్ కిందికి వాలుతుంది, స్ప్రింగు చేత్తో తీసెయ్యొచ్చు. కాకపోతే వెనక చక్రాలు రెండూ ఒకేసారి గాల్లో ఉండాలి.

మా పార్కింగ్ స్థలంలో పక్కవాళ్ల బైకులు, పాత వాషింగ్ మెషీన్, ఎవరిదో తెలియని చెక్క బీరువా ఉండటం వల్ల జాక్ హ్యాండిల్ తిప్పే సందు లేదు. నేనూ, వాచ్‌మనూ కలిసి కారుని న్యూట్రల్‌లో తోసుకుంటూ దారి మధ్యకి తెచ్చి అడ్డంగా నిలబెట్టాం. ముక్కుకి మూడు అంగుళాల దూరంలో పసుపు, నలుపు చారల స్తంభం. మా జాక్ ఒకటి, 304 వాళ్లని అడిగి తెచ్చింది ఇంకొకటి. హ్యాండ్ బ్రేక్ లాగాను. చక్రాలకి అడ్డంగా ఏదైనా పెట్టాలి కదా, పక్కనే ఇటుకల గుట్ట ఉంది. దాని మీద అట్టముక్క: "అసోసియేషన్ ఇటుకలు. సెక్రటరీ గారి అనుమతి లేనిదే కదపరాదు. మొత్తం 46." నిజంగానే లెక్కపెట్టి రాశాడు. 46 ఇటుకలు నాలుగేళ్లుగా అక్కడే ఉన్నాయి, గోడ మాత్రం లేవలేదు. ఆయన్ని అనుమతి అడిగే కంటే పైకెళ్లి మా అత్తగారి రుబ్బురోలు పొత్రం తెచ్చుకోవడం తేలికనిపించింది. అత్తగారు గుడికెళ్లారు. ఆ పొత్రాన్ని ముందు చక్రానికి ముందర పెట్టాను.

"సార్, గిది గుండ్రంగుంది గద?" అన్నాడు వాచ్‌మన్.

"బరువుంది కదా" అన్నాను. ఈ జవాబు నేను చచ్చేదాకా మర్చిపోను.

రెండు పక్కలా కొంచెం కొంచెంగా జాకులు తిప్పుతూ వెనక భాగం లేపాను. చక్రాలు రెండూ నేల వదిలాయి. ఒక్క నిమిషం చాలా గొప్పగా అనిపించింది. కారు కింద చాప కూడా పరిచాను, వీపుకి గరుకు తగలకుండా. ఇక చక్రం నట్లు విప్పుదామని స్పానర్ తగిలించాను. కదల్లేదు. చేత్తో లాగితే రానిది కాలితో వస్తుందని పెద్దలు ఎవరూ చెప్పలేదు, నాకే తోచింది. స్పానర్ మీద కాలు పెట్టి ఒక్క తొక్కు తొక్కాను.

కారు నిట్టూర్చింది. అలాంటి చప్పుడే అది. తర్వాత చాలా నింపాదిగా, పెళ్లిలో పీటల మీద నుంచి లేచే పెళ్లికొడుకులా ముందుకు కదిలింది. ఇక్కడ నాకు అప్పుడు తట్టని సంగతి ఒకటి చెప్పాలి. హ్యాండ్ బ్రేక్ పట్టుకునేది వెనక చక్రాలనే. ఆ వెనక చక్రాలు రెండింటినీ నేనే కష్టపడి గాల్లోకి లేపాను. నేల మీద ఉన్నవి ముందు చక్రాలు, వాటికి బ్రేకూ లేదు, గేరూ లేదు. ఉన్నదల్లా పొత్రం. సెల్లార్ నేల నీళ్లు పోవడానికని స్తంభం వైపుకి వాలుగా ఉంటుంది. ఆ వాలు మేస్త్రీకి తెలుసు, వాన నీళ్లకి తెలుసు, పొత్రానికీ తెలుసు. చక్రం తగలగానే అది పక్కకి తప్పుకుని, ఇన్నాళ్లకి విడుదలైనట్టు దడదడమని దొర్లుకుంటూ కార్ల కిందికి వెళ్లిపోయింది. కారు మూడంగుళాలూ ప్రయాణం చేసి స్తంభానికి బంపర్ ఆనించి ఆగింది. వెనక జాకులు రెండూ గాలివానకి వాలిన కరెంటు స్తంభాల్లా ముందుకి ఒరిగి, పడకుండా, నిలబడకుండా అలా ఉండిపోయాయి.

అప్పుడే డిక్కీ పట్టుకున్నాను.

జాక్ తిప్పి దించుదామంటే ఒరిగి ఉన్నది జారుతుంది. వదిలేసి పోదామంటే పిల్లలు సైకిళ్లు తొక్కే చోటు. వాచ్‌మన్‌ని గేటు అవతలి పంక్చర్ షాపుకి పంపాను. పంక్చర్ అబ్బాయి టిఫినుకెళ్లాడట. ఈలోగా ఒక్కొక్కరే దిగడం మొదలుపెట్టారు.

ముందు 201 అంకుల్. రవాణా శాఖలో రిటైరయ్యారు. ఎర్ర స్ప్రింగులు చూడగానే ఆయన కళ్లలో పాత వెలుగు వచ్చింది. "1988 మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 52. ఆర్‌సీలో ఉన్న వివరాలకీ బండికీ తేడా వచ్చేలా మార్పులు చెయ్యకూడదు." ఇంకా మార్చలేదండీ అన్నాను. "ఉద్దేశం ఉంది కదా" అన్నారు. తర్వాత 103 వాళ్ల మూడో తరగతి పిల్లాడు వచ్చి చాలాసేపు నా చేతి వంక చూశాడు.

"అంకుల్, చెయ్యి తీస్తే ఏమవుద్ది?"

"ఏమో నాన్నా."

"తీసి చూడండి."

ఇంతమంది పెద్దవాళ్లలో అక్కరకొచ్చే మాట అన్నది వాడొక్కడే. వాణ్ని దూరంగా తీసుకెళ్లమని వాళ్లమ్మకి చెప్పాను.

మా ఆవిడ వచ్చింది. అరవలేదు. అదే భయం. డ్యాష్‌బోర్డులోంచి కారుతో ఇచ్చిన పుస్తకం తెప్పించుకుని, స్టెప్నీ మీద కూర్చుని, జాక్ గురించి ఉన్న పేజీ తీసి, తెలుగు చేస్తూ పైకి చదవసాగింది.

"చదునైన గట్టి నేల మీద నిలపాలి. చదునేనా?"

నేను మాట్లాడలేదు.

"హ్యాండ్ బ్రేక్ వేసి, రివర్స్ గేరులో ఉంచాలి. గేరులో ఉందా?"

201 అంకుల్ కిటికీలోంచి తొంగి చూసి, "న్యూట్రల్ అమ్మా" అన్నారు. ఈయన్ని ఎవరడిగారు?

"లేపే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రానికి ముందూ వెనకా అడ్డం పెట్టాలి. నట్లు కారు లేపకముందే కాస్త వదులు చెయ్యాలి. జాక్ జారితే ఆసరాగా స్టెప్నీ దగ్గర పెట్టుకోవాలి." అని, తను కూర్చున్న స్టెప్నీని ఒకసారి కిందికి చూసుకుని పేజీ తిప్పింది. "ఈ జాక్ చక్రం మార్చడానికి మాత్రమే. జాక్ మీదున్న కారు కిందికి ఎవరూ దూరకూడదు."

"నేను దూరలేదు కదా" అన్నాను. నా తరఫున ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం అది.

"మరి చాప?" అంది.

చాప మీద అంచున నెమలి బొమ్మ ఉంటుంది. కారు కింద నుంచి ఆ నెమలి తల మాత్రం బయటికి కనిపిస్తోంది. అందరూ దాన్ని చూశారు. ఆ ఒక్క క్షణం చెయ్యి సంగతి నేనూ మర్చిపోయాను. బోల్టులు విప్పడానికి ఆ చాప మీదే పడుకునేవాణ్ని కదా, పది నిమిషాలు ఆగి ఉంటే. నోరు తడారిపోయింది. మా ఆవిడ పుస్తకం మూసేసింది.

సరిగ్గా అప్పుడే సెక్రటరీ గారు దిగారు. పట్టుపంచె, ఉత్తరీయం, చేతిలో పళ్ల బుట్ట. బాచుపల్లిలో మేనల్లుడి గృహప్రవేశం, 10.48కి ముహూర్తమట. దారికి అడ్డంగా నా కారు. మామూలు మనిషైతే తిడతాడు, లేదా ఓ చెయ్యి వేస్తాడు. ఈయన పళ్ల బుట్ట కిందపెట్టి ఫోన్ తీసి నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీశాడు. నన్ను డిక్కీతో కలిపి ఒకటి, విడిగా ఒకటి. అక్కడే నిలబడి గ్రూపులో పెట్టాడు: "కామన్ ఏరియాలో మెకానిక్ పనులు నిషిద్ధమని గతంలోనే తెలియజేయడమైనది." నా జేబులో ఫోను టింగుమంది. మూడడుగుల దూరంలో ఉన్న మనిషికి మెసేజ్ పెట్టడమేమిటి? లిఫ్టు ఎనిమిది రోజులుగా మూడో అంతస్తులో ఆగిపోతోంది, దానికి మాత్రం ఏమీ తెలియజేయడం కాలేదు. ఈ మాట పైకే అందామనుకున్నాను. కానీ డిక్కీ పట్టుకుని ఉన్న మనిషి మాటకి విలువుండదు.

"ఇటుకలు ఉన్నాయి కదండీ, అడ్డం పెట్టుకోవాల్సింది" అన్నాడు చివరికి.

నేను ఏమన్నానో రాయను.

పంక్చర్ అబ్బాయి స్కూటర్ మీద ట్రాలీ జాక్ పెట్టుకుని వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. కిటికీలోంచి చెయ్యి పెట్టి గేరు వేసి, ముందు చక్రాలకి రెండు చెక్క దిమ్మలు తన్ని, వెనక ట్రాలీ జాక్ దూర్చి నాలుగు పంపులు కొట్టాడు. ఒరిగిన జాకులు రెండూ చేతికొచ్చేశాయి. కారు నేల మీదికి దిగింది. ఆరు నిమిషాలు. నేనింకా పట్టుకునే ఉన్నాను. "సార్, ఇగ వదిలెయ్యండి" అని వాడే నా వేళ్లు విడదీశాడు. 300 తీసుకున్నాడు. దేన్ని అడ్డం పెట్టారు సార్ అని అడిగితే వాచ్‌మన్ చెప్పేశాడు. "దొర్లేదానికి దొర్లేదే అడ్డం పెట్టిన్రా?" అని నవ్వి, స్ప్రింగులు కావాలంటే షాపులో వేస్తానన్నాడు. బామ్మర్ది మధ్యాహ్నం రెండింటికి లేచి, "బావా, ఫినిష్ అయిందా?" అని మెసేజ్ పెట్టాడు, పక్కన బొటనవేలు బొమ్మ.

ఇక పొత్రం. కార్లన్నిటి కిందా టార్చి వేసి వెతికాను, లేదు. సాయంత్రం తెలిసింది. గృహప్రవేశం నుంచి వచ్చాక సెక్రటరీ కారు కింద దొరికిందట. కామన్ ఏరియాలో దొరికిన వస్తువు కాబట్టి అసోసియేషన్ గదిలో పెట్టి తాళం వేశాడు. 500 జరిమానా కట్టి, రిజిస్టర్లో "నల్లరాయి – 1" అని రాసి సంతకం పెట్టి తీసుకెళ్లమన్నాడు. అది నల్లరాయి కాదండీ, పొత్రం అన్నాను. అలాంటి కాలమ్ లేదన్నాడు. రేపు పొద్దున రమ్మన్నాడు, క్యాషియర్ ఊళ్లో లేడట.

పైన అత్తగారు గారెలకి మినప్పప్పు నానబోసేశారు.